రెండే సీట్లు

మా మామగారు శేషగిరిగారి గరాజ్‌లో రెండు కార్లు పడతాయి. ఒకవైపు 1971 నాటి డాట్సన్ 240జెడ్ ఉంటుంది. రెండోవైపు ఆ డాట్సన్ తాలూకు సామాను ఉంటుంది. ఇంట్లోవాళ్ళు రోజూ తిరిగే బళ్ళు బయట రోడ్డు పక్కన ఎండుతుంటాయి. లాస్ ఏంజెలస్ పక్కన సెరిటోస్‌లో ఎండకేం కరువు లేదు.

మొన్న శనివారం ఆయన లాంగ్ బీచ్‌లో జరిగే పాత జపాన్ కార్ల ప్రదర్శనకి మమ్మల్ని తీసుకెళ్ళారు. 2005లో మొదలైన ప్రదర్శన అది. మమ్మల్నంటే నన్నూ, మా అత్తగారి తమ్ముడు రామ్మోహన్‌గారినీ. ఆయన హైదరాబాదు నుంచి చుట్టపుచూపుగా వచ్చారు. కుర్రతనంలో జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేశారు. చిన్న లారీలు బిగించిన చెయ్యి. బళ్ళ గురించి తనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదని ఆయన నమ్మకం. మామగారి నమ్మకం వేరు. ఇంటికొచ్చాక గరాజ్ తలుపెత్తి, రెండు స్టూళ్ళూ ఒక పెయింటు డబ్బా వేసుకుని సాయంత్రం దాకా వాదించుకున్నారు. పెయింటు డబ్బా నాకు. అల్లుణ్ని కాబట్టి అక్కడ ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు తలూపాను. రాసేటప్పుడు ఆ మొహమాటం అక్కర్లేదు.

రామ్మోహన్: నాలుగు గంటలు ఎండలో తిప్పారు బావగారూ. వందలకొద్దీ బళ్ళు. ఒక్కటి కదిలితే ఒట్టు. పశువుల సంత నయం, గిత్తని కనీసం నాలుగడుగులు నడిపించి చూపిస్తారు.

శేషగిరి: సంతకొచ్చేవాళ్ళంతా కొనడానికే వస్తారా? మూపురం ఎలా ఉంది, గంగడోలు ఎలా జారింది, చూసి పోవడానికే సగంమంది వస్తారు. నీ సంగతేంటి? ఆ తెల్ల టొయోటా దగ్గర పావుగంట నిలబడ్డావు. నేను వాచీ చూశాను.

రామ్మోహన్: డాష్‌బోర్డు చెక్కపని చూస్తూ ఆగాను. కారు కోసం కాదు.

శేషగిరి: ఆ చెక్క కూడా కారే కదయ్యా. 2000జీటీని టొయోటా ఒక్కటే చేయలేదు, యమహాతో కలిసి చేసింది. పియానోలు చేసేవాళ్ళు వాళ్ళు. చెక్కని ఎలా మెరుగుపెట్టాలో వాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? 1967 నుంచి 1970 దాకా మొత్తం 351 బళ్ళు. మన ఊళ్ళో ఒక మోస్తరు పెళ్ళికి అంతకంటే ఎక్కువ విస్తళ్ళు లేస్తాయి.

రామ్మోహన్: జేమ్స్ బాండ్ సినిమాకి షాన్ కానరీ దాంట్లో పట్టక, పైకప్పు లేకుండా ప్రత్యేకంగా చేయించారని మీరే చెప్పారు. మనిషి పట్టని కారు 2013 వేలంపాటలో పది లక్షల డాలర్లు దాటిందనీ మీరే చెప్పారు. అది చెప్తున్నప్పుడు మీ మొహం చూడాలి. మీ అమ్మాయికి స్టేట్ ర్యాంకు వచ్చినట్టుంది.

శేషగిరి: తక్కువ ఉన్నదానికి ధర పలకదా మరి?

రామ్మోహన్: నా పేచీ అక్కడే. తక్కువుంటే గొప్పదైపోతుందా? ఫోన్‌లో బొమ్మ చూపించారు, కెన్మెరీ అని. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, 1973ది. మొత్తం 197 అని దారిలో మూడుసార్లు చెప్పారు. 197 దగ్గర ఎందుకు ఆగింది? పొగ నిబంధనలు బిగుసుకున్నాయి, ఆ ఇంజను నెగ్గేది కాదు, ఆపేశారు. ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ని, అలా నడిమధ్యన ఆగిన మోడల్ అంటే నాకు స్టోర్స్‌లో మిగిలిపోయిన డబ్బాలు గుర్తొస్తాయి. మీకేమో చేతులు జోడించాలనిపిస్తుంది.

శేషగిరి: దానికి ముందొచ్చిన హకోసుకాని వదిలేసి మాట్లాడితే ఎలా? హకో అంటే డబ్బా. డబ్బాలా నలుపలకలుగా ఉంటుంది కాబట్టి స్కైలైన్‌కి ఆ ముద్దుపేరు. 1969లో దాని జీటీ-ఆర్ వచ్చింది. ఆరు సిలిండర్లు, ఒక్కోదానికీ నాలుగేసి వాల్వులు, 160 గుర్రాల బలం. జపాన్ పందేల్లో యాభై దాకా గెలుపులు దాని ఖాతాలో ఉన్నాయి. ఆ 197 బళ్ళలోనూ ఆ ఇంజనే.

రామ్మోహన్: ఇవాళ చూసిన హకోసుకాల్లో రెండు దొంగవని నా చెవిలో ఊదారు.

శేషగిరి: దొంగవి అన్లేదు. వేషం కట్టినవి అన్నాను. మామూలు స్కైలైన్‌కి పక్క రేకు మీద ఒక గీత వెనకచక్రం మీదుగా అలలా పోతుంది. జీటీ-ఆర్ కూపేకి వెడల్పు టైర్లు పట్టాలని అక్కడ రేకు కోసి పెంచారు, గీత తెగిపోయింది. కాబట్టి గీత తెగితే అసలుదని గుర్తు. ఇప్పుడు మామూలు బళ్ళకి కూడా రేకు కోసేసి, ఎర్ర అక్షరాలు అంటించి...

రామ్మోహన్: బంగారం లాంటి రేకుని కోసి, దాన్ని అరుదైనదానిలా చూపిస్తున్నారు. మామూలుది మిగలకుండా చేస్తున్నారు. ఇంక నేను చెప్పేదేముంది బావగారూ?

(ఇక్కడ మామగారు టీ చల్లారిపోతోందని గుర్తు చేసుకున్నారు. నిజానికి అది పది నిమిషాల కిందే చల్లారింది. వాదంలో మొదటి దెబ్బ ఆయనకి తగిలింది.)

శేషగిరి: సరే, లెక్కలు పక్కన పెట్టు. మాజ్దా కాస్మో చూశావుగా. పడవలా పొడుగ్గా, తెల్లగా. దాని బానెట్ ఎత్తి ఉంటే ఎందుకు వంగి చూశావు?

రామ్మోహన్: పిస్టన్ లేని ఇంజను కాబట్టి. రోటరీ అని పుస్తకంలో చదివాం తప్ప ఎప్పుడూ చూడలేదు.

శేషగిరి: ఏమని చదివావు, అల్లుడికి చెప్పు.

రామ్మోహన్: రుబ్బురోలు బాబూ. పొత్రం గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా ఉంటుంది, రోలు నడుం దగ్గర కాస్త నొక్కినట్టుంటుంది. పొత్రం తిరుగుతుంటే మూడు మూలలూ ఎప్పుడూ రోలు గోడని రాసుకుంటూనే ఉండాలి. ఆ మూలల్లో సన్నటి పట్టీలు. అవి వదులైతే పీడనం పోతుంది, బిగుతైతే గోడ గీసుకుపోతుంది. మంచి తలనొప్పి.

(రామ్మోహన్‌గారు చేతులు తిప్పుతూ చెప్తుంటే నాకు మొదటిసారి రోటరీ ఇంజను అర్థమైంది. ఈ కార్లంటే గిట్టదన్న మనిషి చేతులు కావవి.)

శేషగిరి: ఆ గోడ మీద అలలు అలలుగా గీతలు పడేవి. దెయ్యం గోళ్ళ గుర్తులని పేరు పెట్టుకున్నారు హిరోషిమాలో. ఆ ఇంజను హక్కులు జర్మనీ నుంచి 1961లో కొన్నారు, ఈ గీతలు అర్థం కాక ఏళ్ళు పట్టింది. కెనిచి యమమొటో అని ఒకాయన కింద 47 మంది ఇంజనీర్లు. ఏవేవో లోహాలు, ఏవేవో ఆకారాలు ప్రయత్నించి, చివరికి బొగ్గుకి అల్యూమినియం పట్టించిన పట్టీతో గట్టెక్కారు. 1967లో కారు అమ్మకానికి వచ్చింది. ఆ ఊరి మీద బాంబు పడ్డ 22 ఏళ్ళకి. తర్వాతి ఏడు రెండు కార్లు జర్మనీ తీసుకెళ్ళి నూర్బుర్గ్‌రింగ్‌లో 84 గంటల పరుగులో పెట్టారు. ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది.

రామ్మోహన్: రెండోదో?

శేషగిరి: చివరి గంటల్లో ఆగిపోయింది.

రామ్మోహన్: దాని గురించి ఎవరూ అడక్కపోతే మీరు చెప్పరు. అదీ మీ అభిమానుల తీరు. సరే, ఆ 47 మందికీ నా దణ్ణం. కానీ వాళ్ళు పడ్డ కష్టం చరిత్ర. చరిత్రకి మ్యూజియం ఉంది, హిరోషిమాలో మాజ్దాకి సొంత మ్యూజియమే ఉంది. 1,176 చేసిన కారుని ఒక పన్నుడాక్టరు తన గరాజ్‌లో దుప్పటి కప్పి పెట్టుకుంటే ఆ చరిత్రకి ఏం ఒరిగింది? పైగా వాళ్ళు ఆ కష్టం పడింది పాతదాన్ని వదిలేసి కొత్తది చేద్దామని. జపాన్ వాళ్ళే ఉంచుకోవట్లేదు. కొత్త కారుకి మూడేళ్ళకోసారి, ఆ పైన రెండేళ్ళకోసారి తనిఖీ. అది గట్టెక్కించే ఖర్చుకి జడిసి అమ్మేసుకుంటారు. పదమూడేళ్ళు దాటితే పన్ను కూడా పెంచుతారు. చేసినవాళ్ళు వదిలించుకుంటున్నదాన్ని తీసుకొచ్చి పూజగదిలో పెట్టింది మీరు.

శేషగిరి: చేసినవాళ్ళే ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నారు. 2000జీటీ గేరుబాక్సు పార్టులు టొయోటా మళ్ళీ పోతపోసి ఇస్తోంది, యాభై ఏళ్ళ తర్వాత.

రామ్మోహన్: ధర లక్షల్లోకి పోయాక. ముందు కాదు.

(దీనికి జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం అనిపించింది నాకు.)

రామ్మోహన్: వాటిని వదిలేద్దాం. మీదాని సంగతి చూద్దాం. ఈ 240జెడ్‌లు ఈ దేశానికే లక్షా నలభై వేల పైన వచ్చాయి. లక్ష దాటాక కూడా అరుదేనా?

శేషగిరి: చేసినవి కాదయ్యా, మిగిలినవి లెక్కపెట్టు. పల్చటి రేకు, తుప్పు మందు అంతంతమాత్రం. ముందు చక్రాల వెనక బురద చేరితే అక్కడ మొదలవుతుంది. బ్యాటరీ కింద పళ్ళెం ఆమ్లానికి తినేస్తుంది. తర్వాత కాళ్ళ కింద నేల. మంచు పడే ఊళ్ళలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ కార్లు పదేళ్ళకే జల్లెడ. మిగిలినవాటిని కుర్రాళ్ళు పందేలకి బాదారు, ఎనిమిది సిలిండర్ల అమెరికన్ ఇంజన్లు దూర్చారు. దీన్ని 2008లో ఎడారిలో ఒక షెడ్డులో చూసినప్పుడు ఎలా పరీక్ష చేశానో తెలుసా?

రామ్మోహన్: అక్క చెప్పింది. వెంకటేశ్వరస్వామితో.

(తిరుపతిలో కొన్న ఫ్రిజ్ అయస్కాంతం అది. రేకు తుప్పుపట్టి పోయినచోట లప్పం పూసి పైన రంగు కొట్టేస్తారు, కంటికి తెలీదు. అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి రేకంతా తిప్పితే, ఇనుమున్నచోట పట్టుకుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. ఆ రోజు స్వామివారు ఏడుచోట్ల జారారట. మామగారు లెంపలేసుకుని, ఏడుచోట్లకీ ధర తగ్గించమని బేరమాడారు. ఆ ఏడుచోట్లా కొత్త రేకు అతికించి, మిగతాదంతా విప్పి బిగించడానికి ఏడేళ్ళు పట్టింది. కారు పూర్తయిన 2015లోనే, దీన్ని అమెరికాకి తెచ్చిన యుటాకా కటయామా 105 ఏళ్ళ వయసులో పోయారు. మామగారు ఆ రోజు ఇంట్లో దీపం పెట్టారు. అత్తగారు ఎవరికని అడిగితే ఆఫీసాయనకని చెప్పారట.)

శేషగిరి: కటయామా లేకపోతే ఈ బండి పేరే వేరు. జపాన్‌లో దీని పేరు ఫెయిర్‌లేడీ. నిస్సాన్ అధ్యక్షుడికి ఒక అమెరికన్ సంగీత నాటకం నచ్చి పెట్టిన పేరు. ఆ పేరుతో ఇక్కడ మగవాళ్ళు కొనరని ఓడ దిగిన బళ్ళ మీది బిళ్ళలు ఊడపీకించి 240జెడ్ అని కొట్టించాడు. 1970లో 3,526 డాలర్లు. అంత వేగం కావాలంటే జర్మనీ బళ్ళకి రెట్టింపు పెట్టాల్సిన రోజులు.

రామ్మోహన్: మీరు మొదట కొన్న జెడ్ సెకండ్ హ్యాండ్.

శేషగిరి: 1976లో. ఉద్యోగంలో చేరిన ఏడాదికి. నువ్వు అప్పటికి నిక్కర్లు వదిలి ఏడాది అయ్యుంటుంది. మన ఊళ్ళో అంబాసిడర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళు కూచోవాలి. ఇక్కడేమో జపాన్ సరుకంటే చవక సరుకని నవ్విన నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. మా ఆఫీసులో నేను మాట్లాడుతుంటే కూడా నవ్వేవాళ్ళు, నా యాసకి. ఆ పార్కింగులో దాన్ని తీసుకెళ్ళి ఆపేవాణ్ని. పొడుగు ముక్కు, పొట్టి తోక. సాయంత్రం వచ్చేసరికి దానిచుట్టూ ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. లోపల చూడొచ్చా అని నన్ను అడిగేవాళ్ళు. నా ఇంగ్లీషు అప్పుడు వాళ్ళకి బాగానే అర్థమయ్యేది.

రామ్మోహన్: ఇంతసేపటికి అసలు మాట అన్నారు. మీకు కావాల్సింది కారు కాదు, ఆ పార్కింగు. అదిప్పుడు ఎవరమ్ముతారు?

శేషగిరి: నీకు ఏ బండి మీదా అలా లేదా? 1985 మారుతి ఉండేదిగా. అదీ జపాన్‌దే, సుజుకి. 1986లో ఆకారం మార్చేశారు. అంతకుముందువి ఇప్పుడు కావాలంటే దొరుకుతాయా?

రామ్మోహన్: 2001లో డ్రైవింగ్ స్కూలుకి అమ్మాను. ఎల్ బోర్డు తగిలించుకుని మా వీధిలోనే తిరిగేది, క్లచ్ మీద ఎవరెవరో కాళ్ళు నేర్చుకుంటూ. ఒకరోజు కనపడ్డం మానేసింది. వెతకలేదు. బండి బతుకు నిండా బతికింది. అలా అరగనిచ్చేవాళ్ళే లేకపోతే మీ బళ్ళు అరుదవ్వవు బావగారూ. అసలు మీరు కూడా మా జట్టే. 1983లో అమ్ముకున్నారు కదా?

శేషగిరి: (చాలాసేపటికి) పాప పుట్టింది. దీంట్లో రెండే సీట్లు.

(ఆ పాపే మా ఆవిడ. ఆస్పత్రి నుంచి ఇంటికి పక్కింటివాళ్ళ కార్లో వచ్చిందట. వారం తిరక్కుండా జెడ్ పోయి, వెనక తలుపున్న పొడుగు బండి ఒకటి ఇంటికొచ్చింది. మామగారు ఇప్పటికీ ఆ బండి తయారీ సంవత్సరం చెప్పలేరు.)

రామ్మోహన్: అలా ఇంటికొక పాప పుట్టి, లక్షన్నరలో సగం పోయుంటాయి. కొన్నవాడు దాన్ని ఏం చేశాడో?

శేషగిరి: చెట్టుకి గుద్దాడని విన్నాను. అందుకే ఇది కొన్నాక అచ్చం దానిలాగే చేయించాను. అదే నారింజ రంగు. అప్పటి ఫోటో ఉంది, దాన్ని పట్టుకెళ్ళి పెయింటర్ ముందు పెట్టి కలిపించాను.

మా అత్తగారు అప్పుడే పకోడీల పళ్ళెంతో వచ్చారు. ఈ సంవాదంలో ఆవిడకి పాత్ర లేదు. ఆవిడే కల్పించుకున్నారు.

“నారింజేంటి? ఆ కారు పసుపు.”

మామగారు నవ్వి, లోపలికెళ్ళి ఫోటో తెచ్చారు. 1978 నాటిది. కారుకి ఆనుకుని ఆయన, పక్కన చీరలో ఆవిడ. కారు నారింజే. నేను చూశాను. కానీ రామ్మోహన్‌గారు ఫోటోని ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్ళి, కారుని వదిలేసి అక్కయ్య చీర చూశారు.

రామ్మోహన్: అక్కా, ఈ చీర నీ పెళ్ళికి అమ్మ పెట్టింది కదూ? ఆకుపచ్చ గద్వాల?

“అదే. ఇంకా బీరువాలో ఉంది.”

ఫోటోలో చీర కాఫీపొడి రంగులో ఉంది. ఆకాశం గులాబీగా ఉంది. ఆ రోజుల్లో కడిగిన కలర్ ఫోటోలు ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబారతాయి, మా ఇంట్లో ఆల్బంలు కూడా అంతే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు కాసేపు.

రామ్మోహన్: బావగారూ, మీరు కారుకి రంగు వేయించలేదు. ఫోటో వెలిసిన రంగు వేయించారు.

శేషగిరి: నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే నాకు నారింజే కనిపిస్తుందిరా.

రామ్మోహన్: ఫోటో చూసి చూసి.

(నేను ఎవరివైపూ తలూపలేదు. ఇద్దరిలో ఎవరు నెగ్గారని అడిగితే రామ్మోహన్‌గారే అంటాను. కానీ మామగారి మొహంలో ఓడిన చాయలు వెతికితే దొరకలేదు. ఆయన అప్పటికే స్టూలు మీంచి లేచి బానెట్ ఎత్తుతున్నారు.)

సీట్ల మధ్యనున్న చోక్ మీట లాగి, తాళం తిప్పారు. రెండోసారికి అందుకుంది. గరాజంతా పెట్రోలు వాసన. ఇంజను వేడెక్కేదాకా ఆగి చోక్ వదిలారు. శబ్దం నిలకడగా లేదు, ఎక్కడో సన్నగా తడబడుతోంది. రామ్మోహన్‌గారు పకోడీ పళ్ళెంలో పెట్టేసి లేచారు.

రామ్మోహన్: కార్బురేటర్లు రెండూ ఒక్కలా పీల్చట్లేదు. ముందు మూడు సిలిండర్లకి ఒకటి, వెనక మూడింటికి ఒకటి కదా? గొట్టం ఉందా?

మామగారు రెండడుగుల రబ్బరు గొట్టం అందించారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పేశాక రామ్మోహన్‌గారు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ముందు కార్బురేటర్ నోటి దగ్గర ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత వెనకదాని దగ్గర. మళ్ళీ ముందుదాని దగ్గర. గొట్టంలో వినపడే బుస రెండింట్లోనూ ఒక్కలా ఉండాలట. నాకిచ్చి వినమన్నారు. నాకు రెండూ పామే.

రామ్మోహన్: వెనకది ఎక్కువ లాగుతోంది. కొంచెం వదలండి. ఊఁ... ఇంకో పావు చుట్టు. ఎక్కువైంది, వెనక్కి. ఆఁ, ఉండనివ్వండి.

ఆరు సిలిండర్లూ ఒక్క గొంతయ్యాయి. ముందుచక్రం పైన రేకు మీద పెట్టిన టీకప్పులో టీ ఇందాకటిలా వణకడం లేదు. ఆయన మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ కాసేపు అలాగే నిలబడి విన్నారు.

రామ్మోహన్: ఇప్పుడమ్మేయండి బావగారూ. ఇంతకంటే మంచి ధర మళ్ళీ రాదు.

శేషగిరి: ఎక్కు, ఒక రౌండు కొట్టొద్దాం.

రామ్మోహన్‌గారు నావైపు చూశారు. ఉన్నవి రెండే సీట్లు. నేను పక్కకి జరిగి గరాజ్ తలుపు పూర్తిగా పైకెత్తాను. బండి వీధిలోకి దిగి మలుపు తిరిగేదాకా అత్తగారు వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

“నిమ్మపండు రంగు బాబూ,” అన్నారు నాతో. “మొదటిసారి అందులో ఎక్కినప్పుడు నా చేతికి పెళ్ళి పసుపు ఇంకా పోలేదు. తలుపు మీద చెయ్యేస్తే రెండూ ఒకటే రంగు.”